దారం మీద నడిచిన విద్యుత్తు

1729 వరకు విద్యుత్తు అంటే రుద్దిన వస్తువులోనే పుట్టి, కాసేపు అక్కడే ఉండి, ఆ తర్వాత మాయమైపోయే ఒక వింత గుణం. పాతకాలపు చెట్ల జిగురు గట్టిపడి రాయిలా మారిన అంబర్‌ను ఉన్నిగుడ్డతో రుద్దితే ఈకలు, ఊక వచ్చి అంటుకుంటాయని ప్రాచీన గ్రీకులకు తెలుసు. ఆ మాటను మిలెటస్ నగరవాసి థేలీస్ పేరు మీద చెబుతూ వస్తున్నారు. ఎలిజబెత్ రాణి కొలువులో వైద్యుడిగా పనిచేసిన విలియం గిల్బర్ట్, అయస్కాంతాల మీద 1600లో అచ్చయిన తన గ్రంథంలో, ఈ గుణం అంబర్ ఒక్కదానిదే కాదని తేల్చాడు. గాజు, గంధకం, లక్క ఇలా ఎన్నో పదార్థాలు రుద్దితే అదే పని చేస్తాయని చూపాడు.

ఆ గుణం ఒకచోటి నుంచి మరోచోటికి ప్రయాణించగలదన్న సంగతి మాత్రం రెండువేల ఏళ్లకు పైగా మరుగునే ఉండిపోయింది. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి మేయరుగా చేసిన ఆటో ఫాన్ గెరిక్ గంధకాన్ని కరిగించి బంతిలా పోతపోసి, ఇరుసు మీద తిప్పుతూ చేత్తో రుద్దేవాడు. ఆ బంతి శక్తి నారదారం వెంట కాస్త దూరం పోవడం ఆయన కంటపడింది కూడా. 1672లో తన పుస్తకంలో రాశాడు. ఎవరూ దాని వెంట పడలేదు.

బడి పుస్తకాల్లో స్థిర విద్యుత్తు ఒక పాఠం, విద్యుత్ ప్రవాహం ఇంకో పాఠం. ఒకదాంట్లో దువ్వెన, కాగితం ముక్కలు ఉంటాయి. రెండోదాంట్లో బ్యాటరీ, బల్బు, స్విచ్చి ఉంటాయి. మొదటి పాఠం నుంచి రెండో పాఠానికి దారి వేసింది బట్టలకు రంగులద్దుకుని బతికిన ఒక మనిషి. ఆ మనిషి పేరు మన పిల్లల్లో చాలామంది చెవిన పడకుండానే చదువు పూర్తయిపోతుంది. అది లోటే.

స్టీఫెన్ గ్రే 1666లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రిది అద్దకం పని, కొడుకూ అదే పట్టాడు. రాత్రిళ్లు ఆకాశం చూడటం ఆయనకు వ్యసనం. సూర్యుడి మీద మచ్చలను గమనించి రాసిపెట్టేవాడు, గ్రీనిచ్‌లోని ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్లామ్‌స్టీడ్‌తో ఉత్తరాలు నడిపేవాడు. ఆ పనులేవీ పెద్దగా డబ్బు తెచ్చిపెట్టలేదు. 1719లో లండన్‌లోని చార్టర్‌హౌస్ అనే ధర్మసంస్థ ఆయనకు తలదాచుకునే గది, తిండి ఇచ్చింది. విజ్ఞానశాస్త్రంలో ఆయన చేసిన అతి పెద్ద పని ఆ గదిలో, అరవై దాటిన వయసులో మొదలైంది.

ఆయన దగ్గరున్న పరికరమల్లా మూడున్నర అడుగుల గాజు గొట్టం. లోపల దుమ్ము చేరకుండా రెండు కొసలకూ బెండు బిరడాలు పెట్టాడు. 1729 ఫిబ్రవరిలో ఒకరోజు, రుద్దిన గొట్టం పక్కన ఈకను వదిలితే అది గాజు దగ్గరికి కాక బిరడా దగ్గరికి పోయింది. బిరడాను ఎవరూ రుద్దలేదు. గాజుకున్న గుణం బిరడాలోకి ఎలా వచ్చింది? గ్రే ఒక పుల్ల చివర దంతపు బంతి గుచ్చి, ఆ పుల్లను బిరడాలో పెట్టాడు. బంతి కూడా ఈకను లాగింది. పుల్ల పొడవు పెంచాడు, తర్వాత లోహపు తీగ పెట్టాడు, చివరికి పురికొస కట్టి బంతిని దానికి వేలాడదీశాడు. ఇంట్లో దొరికినవన్నీ దారానికి కట్టి చూశాడు. పొయ్యి దగ్గరి పట్టకారు, టీ కెటిల్, వెండి గ్లాసు, ఇటుక, పెంకు, సుద్దముక్క, పచ్చి ఆకులు. అన్నీ సన్నటి ఇత్తడి రేకు తునకలను లాగాయి.

మేడ మీద నుంచి కిందికి దారం వదిలితే పని జరిగింది. అడ్డంగా, నేలకు సమాంతరంగా కట్టి చూడాలనుకున్నప్పుడు చిక్కొచ్చింది. దూలానికి మేకు కొట్టి, దారాన్ని పురికొసతోనే దానికి వేలాడదీసి ఎంత రుద్దినా కొసన ఉన్న బంతి రేకును లాగలేదు. శక్తి బంతిని చేరకుండా మేకు గుండా దూలంలోకి పోతోందని గ్రే సరిగ్గానే ఊహించాడు. దాన్ని ఆపే ఉపాయం మాత్రం తట్టలేదు.

ఆ ఏడాది వేసవిలో ఆయన కెంట్ ప్రాంతంలోని ఒటర్డెన్‌కు, గ్రాన్‌విల్ వీలర్ అనే మిత్రుడి భవనానికి వెళ్లాడు. వీలర్ ఒక సలహా ఇచ్చాడు. పురికొసను పురికొసతో కాక పట్టుదారంతో వేలాడదీద్దాం. పట్టుదారం సన్నగా ఉంటుంది కాబట్టి దాని గుండా పోయే శక్తి తక్కువవుతుంది. జూలై 2న, పొద్దున్న పది గంటల వేళ, పొడవాటి వసారాలో ఎనభై అడుగుల పైచిలుకు పురికొసను పట్టుదారపు ఆధారాల మీద కట్టారు. ఈ కొసన గాజు గొట్టాన్ని రుద్దితే ఆ కొసన దంతపు బంతి ఇత్తడి రేకును ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ ఉత్సాహంతో దారాన్ని వెనక్కి మడిచి పొడవు పెంచారు. అప్పుడూ పనిచేసింది.

అసలు సంగతి పట్టు తెగినప్పుడు బయటపడింది. కొట్టంలోకి మారి పొడవు ఇంకా పెంచేసరికి పట్టుదారం బరువు ఆపలేకపోయింది. దాని స్థానంలో అంతే సన్నగా ఉండే లోహపు తీగ కట్టారు. సన్నదనమే కారణమైతే తీగ కూడా అదే పని చెయ్యాలి. గొట్టాన్ని ఎంత రుద్దినా రేకు కదల్లేదు. అంటే శక్తిని ఆపింది పట్టు సన్నదనం కాదు, పట్టే. కొన్ని పదార్థాలు విద్యుత్తును పోనిస్తాయి, కొన్ని పోనివ్వవు. వాహకాలు, బంధకాలు అని ఇప్పుడు పాఠంలో ఒక్క వాక్యంలో దాటిపోయే విషయం ఆ తెగిన పట్టుదారం దగ్గర మొదటిసారి స్పష్టంగా మనిషికి అర్థమైంది. పొడి పురికొస నిజానికి అంత మంచి వాహకం కాదు. ఇంగ్లండ్ గాలిలోని తేమ పీల్చుకుని ఉండబట్టే అది పనిచేసింది. తర్వాత పొలంలో గుంజలు పాతి, వాటి మధ్య పట్టు కట్టి, ఏడు వందల అడుగులు దాటేదాకా ఆ ఇద్దరూ విద్యుత్తును నడిపించారు.

విద్యుత్ ప్రవాహ చరిత్ర నిజానికి విద్యుత్తును ఆపడం నేర్చుకున్న రోజున మొదలైంది. పోకుండా ఆపేది ఒకటి ఉంటే తప్ప కోరిన దారిన పంపడం కుదరదు. మన వీధుల్లో కరెంటు స్తంభాల మీద తీగకూ ఇనుప పట్టీకీ మధ్య కనిపించే పింగాణీ గిన్నెలు చేసే పని అదే. లైన్‌మన్ రబ్బరు చేతితొడుగులు వేసుకోవడం, ప్లగ్గుల మీద ప్లాస్టిక్ తొడుగు ఉండటం కూడా అందుకే.

గ్రే 1730 ఏప్రిల్ 8న ఇంకో ప్రయోగం చేశాడు. ఎనిమిది, తొమ్మిదేళ్ల మధ్య వయసున్న పిల్లవాణ్ణి, బట్టలు ఆరేసుకునేందుకు వాడే వెంట్రుకల తాళ్లతో గాలిలో అడ్డంగా వేలాడదీశాడు. రుద్దిన గొట్టాన్ని పాదాల దగ్గర పెడితే ఇత్తడి రేకులు పిల్లవాడి ముఖం వైపు ఎగిశాయి. మనిషి దేహం వాహకమని అలా తేలింది. ఈ ప్రయోగం యూరప్ అంతటా పాకి, ధనవంతుల ఇళ్లలో విందుల వేళ ప్రదర్శనగా మారింది. రాయల్ సొసైటీ కోప్లీ పతకాన్ని మొదటిసారి 1731లో గ్రేకే ఇచ్చింది, మరుసటి ఏడు మళ్లీ ఆయనకే ఇచ్చింది. 1736 ఫిబ్రవరిలో, చనిపోవడానికి ముందు రోజు కూడా ఆయన తన చివరి ప్రయోగాలను సొసైటీ కార్యదర్శికి పడక మీద నుంచి చెప్పి రాయించాడు.

పారిస్‌లో షార్ల్ ద్యు ఫే ఆ ప్రయోగాలను అందుకున్నాడు. రుద్దిన గాజుకు తగిలి ఎగిరిపోయిన బంగారు రేకును రుద్దిన జిగురు పదార్థం తన వైపు లాక్కోవడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. విద్యుత్తు రెండు రకాలనీ, ఒకే రకానివి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయనీ, వేరు రకాలవి లాక్కుంటాయనీ 1733లో ప్రకటించాడు.

ఇది ఏ బడి పిల్లలైనా సొంతంగా తేల్చుకోగల సంగతి. ఊదిన రెండు బెలూన్లను ఉన్నిగుడ్డతో రుద్ది దారాలతో పక్కపక్కనే వేలాడదీస్తే ఒకదాని నుంచి ఒకటి ఎడంగా జరుగుతాయి. రుద్దిన ఉన్నిగుడ్డను దగ్గరికి తెస్తే బెలూను దాని వైపు వస్తుంది. కారణం ఎలక్ట్రాన్లు. రుద్దినప్పుడు ఉన్ని నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు బెలూన్‌లోకి పోతాయి. ఎక్కువైన చోట రుణావేశం, తగ్గిన చోట ధనావేశం. రుద్దడం వల్ల ఆవేశం కొత్తగా పుట్టదు, చోటు మారుతుంది. ఈ ప్రయోగానికి కాలం కూడా కలిసి రావాలి. సంక్రాంతి రోజుల పొడి చలిలో చక్కగా కుదిరేది, శ్రావణ మాసపు ముసురులో, విశాఖ తీరపు ఉక్కపోతలో కుదరదు. తేమ పొర వస్తువు మీద పరుచుకుని ఆవేశాన్ని జారవిడుస్తుంది. నూనె పట్టించిన జుట్టు మీద దువ్వెన ప్రయోగం కూడా సరిగా నడవదు.

రుద్ది పుట్టించిన ఆవేశాన్ని దాచిపెట్టే సీసా 1745, 1746ల్లో ఇద్దరికి వేర్వేరుగా దొరికింది. పొమరేనియాలో ఫాన్ క్లైస్ట్ మొదట చూశాడు. హాలండ్‌లోని లైడెన్‌లో మూషెన్‌బ్రుక్ ప్రయోగశాలలో అది బయటపడిన తీరు మరింత ఆసక్తికరం. గ్రే నాటి నుంచి పండితులందరికీ ఒక నియమం అలవాటైంది. ఆవేశం నింపే వస్తువును బంధకం మీదే పెట్టాలి, చేత్తో పట్టుకోకూడదు. కునేయస్ అనే న్యాయవాది ఆ ప్రయోగశాలకు సరదాగా వచ్చేవాడు. ఆయనకు ఆ నియమం తెలియదు. నీళ్లున్న సీసాను ఒక చేత్తో పట్టుకుని, మేకు ద్వారా నీళ్లలోకి ఆవేశం నింపి, రెండో చేత్తో మేకును ముట్టుకున్నాడు. దేహమంతా అదిరిపోయింది. తర్వాత మూషెన్‌బ్రుక్ కూడా చేసి చూసి, ఫ్రాన్స్ రాజ్యమిచ్చినా మళ్లీ ఆ పని చెయ్యనని ఉత్తరం రాశాడు. చెయ్యి బయటివైపు ఒక పలకలా పనిచేసింది. గాజుకు లోపల ఒక ఆవేశం, బయట దానికి విరుద్ధమైన ఆవేశం చేరి, ఒకదాన్నొకటి లాగి పట్టుకుని నిలిచాయి. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మెకానిక్ మార్చే కండెన్సర్ ఆ లైడెన్ సీసా వంశానిదే.

సీసా వచ్చాక ప్రదర్శనలు పెద్దవయ్యాయి. 1746లో ఫ్రెంచి పూజారి నోలే, పదిహేనో లూయీ రాజు ఎదుట 180 మంది సైనికులను చేతులు పట్టుకుని నిలబెట్టి, మొదటివాడి చేతికి సీసా ఇచ్చి చివరివాడి చేత మేకు ముట్టించాడు. అందరూ ఒకేసారి ఎగిరిపడ్డారు. పారిస్ మఠంలో రెండు వందల మంది దాకా సన్యాసులతో కూడా అదే చేశాడు. లండన్‌లో విలియం వాట్సన్ 1747లో వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద తీగ వేసి, థేమ్స్ నదినే తిరుగు దారిగా వాడాడు. వినోదంగా కనిపించే ఈ పనుల్లోంచే ఒక మౌలిక విషయం తేలింది. విద్యుత్తుకు వెళ్లే దారి ఒక్కటే చాలదు, తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది. స్విచ్చి చేసేదల్లా ఆ వలయాన్ని తెంచడం, కలపడమే.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు రకాల విద్యుత్తు బదులు ఒకే ద్రవాన్ని ఊహించాడు. అది ఎక్కువైతే ధనం, తక్కువైతే రుణం అన్నాడు. మెరుపు కూడా అదేనని, ఎత్తయిన ఇనుపకడ్డీతో పరీక్షించవచ్చని సూచించాడు. ఆ సూచన ప్రకారం ఫ్రాన్స్‌లోని మార్లీ గ్రామంలో 1752 మే 10న ఉరుము మేఘం కింద కడ్డీ నుంచి నిప్పురవ్వలు లాగారు. సరదాగా అనుకరించే పని కాదది. మరుసటి ఏడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిఖ్‌మన్ అనే ఆచార్యుడు ఇలాంటి ప్రయోగం చేస్తూ పిడుగుకు బలైపోయాడు.

ఇంత జరిగినా అప్పటిదాకా మనిషి చేతిలో ఉన్నది క్షణంలో అయిపోయే విద్యుత్తే. పొడిగాలిలో ఒక్క మిల్లీమీటరు దూరం నిప్పురవ్వ దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. చలికాలంలో ఉన్ని స్వెట్టరు విప్పుతుంటే చిటపటలాడేది ఆ స్థాయి విద్యుత్తే. అయినా ప్రాణాపాయం లేదు. వోల్టులు వేలల్లో ఉన్నా పోయే ఆవేశం అతి కొద్ది. వోల్టు నెట్టే బలం లెక్క. ఆంపియర్ సెకనుకు ఎంత ఆవేశం పోతోందన్న లెక్క. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఆరు పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు దాటిపోవాలి. రుద్దితే పుట్టే విద్యుత్తుకు అంత నిలకడ ఎక్కడిది?

నిలకడ ఒక తగాదాలోంచి వచ్చింది. బొలోనాలో శరీరశాస్త్రం బోధించే లుయీజీ గాల్వానీ, చనిపోయిన కప్ప కాళ్లు ఇత్తడి కొక్కెం, ఇనుము రెండూ తగిలినప్పుడు ముడుచుకోవడం చూసి, జంతువు కండరంలోనే విద్యుత్తు ఉందని 1791లో రాశాడు. పవియాలో భౌతికశాస్త్రం చెప్పే అలెస్సాండ్రో వోల్టా మొదట ఒప్పుకుని, తర్వాత కాదన్నాడు. కప్ప కాలు కేవలం సూచిక, విద్యుత్తు పుట్టేది రెండు వేర్వేరు లోహాల కలయికలో అని ఆయన వాదన. కప్పను తీసేసి సొంత నాలుక మీద రెండు లోహాలు పెట్టి చూసుకున్నాడు. పుల్లటి రుచి తగిలింది.

అక్కడి నుంచి ఆయన కట్టిన దొంతర చాలా సాదాసీదాది. ఒక వెండి బిళ్ల, దాని మీద జింకు బిళ్ల, దాని మీద ఉప్పునీళ్లలో నానబెట్టిన అట్టముక్క. మళ్లీ వెండి, జింకు, అట్ట. ఇలా పదులకొద్దీ పేర్చి, తడిచేతులతో పైకొసనూ కిందికొసనూ ముట్టుకుంటే చిన్న లైడెన్ సీసాలా షాక్ కొట్టింది. తేడా ఏమిటంటే, సీసా ఒక్కసారి కొట్టి ఖాళీ అవుతుంది, దొంతర ముట్టుకున్న ప్రతిసారీ కొడుతుంది. ఒక్కో జత ఇచ్చేది ఒక వోల్టు లోపే, అయినా ఆగకుండా ఇస్తుంది. అట్టలు ఎండిపోతే మాత్రం శక్తి పోతుంది. 1800 మార్చి 20న వోల్టా ఈ వివరాలతో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం రాశాడు. అది సభలో చదవకముందే లండన్‌లో కార్లైల్, నికల్సన్ అనే ఇద్దరు 17 వెండి నాణేలతో దొంతర పేర్చి, మే నెలలో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టేశారు.

లోహాలు తాకడమే చాలని వోల్టా అనుకున్నాడు. ఆ విషయంలో ఆయన పొరబడ్డాడు. జింకు కరుగుతూ ఎలక్ట్రాన్లను వదిలే రసాయన చర్యే అసలు ఇంధనం. పాత టార్చిలైటు సెల్లును విప్పితే బయటి డబ్బా జింకు, నడుమ బొగ్గు కడ్డీ, వాటి మధ్య నల్లటి తడి పొడి కనిపిస్తాయి. పాతబడిన సెల్లు కారేది ఆ జింకు డబ్బా తినేసుకుపోయినందుకే.

దొంతర నుంచి వచ్చేదీ, రుద్దితే వచ్చేదీ ఒకే విద్యుత్తా? ఈ సందేహం ముప్పై ఏళ్లకు పైగా తీరలేదు. ఒకటి నిప్పురవ్వలు విసురుతుంది, నీటిని విడగొట్టమంటే తడబడుతుంది. రెండోది నీటిని తేలిగ్గా విడగొడుతుంది, గాలిలో రవ్వ దూకించడం దానికి కష్టం. మైకేల్ ఫారడే 1833లో ప్రచురించిన ప్రయోగాల్లో దీన్ని తేల్చాడు. పదిహేను లైడెన్ సీసాలను రుద్దుడు యంత్రంతో నింపి, ఒక్కసారిగా ఖాళీ అయిపోకుండా వాటి ఆవేశాన్ని తడిపిన దారం గుండా నెమ్మదిగా వదిలాడు. విద్యుత్ ప్రవాహాన్ని పసిగట్టే గాల్వనోమీటరు సూది బ్యాటరీకి కదిలినట్టే దానికీ పక్కకు జరిగింది. షాక్, వేడి, అయస్కాంత ప్రభావం, రసాయన చర్య, నిప్పురవ్వ, ఒక్కో లక్షణాన్నీ పట్టికలో వేసుకుని, రుద్దితే వచ్చేది, దొంతర నుంచి వచ్చేది, అయస్కాంతంతో పుట్టేది, చేపల దేహంలో ఉండేది, అన్నీ ఒకటేనని నిరూపించాడు. తేడా అంతా పరిమాణంలో, ఒత్తిడిలో ఉంది. స్థిర విద్యుత్తు అంటే ఆగి ఉన్న ఆవేశం, ప్రవాహం అంటే కదులుతున్న ఆవేశం. బడి పుస్తకంలో ఈ రెండు పాఠాల మధ్య ఫారడే పట్టికను ఒక పేజీలో వేస్తే పిల్లల సందేహాలు సగం తీరతాయి.

ఒక్క చిక్కు మాత్రం మిగిలిపోయింది. ధనం, రుణం అని పేర్లు పెట్టినప్పుడు నిజంగా కదిలేది ఏదో ఫ్రాంక్లిన్‌కు తెలిసే వీలు లేదు. రుద్దిన గాజులో ద్రవం ఎక్కువైందని ఊహించి దానికి ధనం అని పేరిచ్చాడు. 1897లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను పట్టుకునేసరికి దాని ఆవేశం రుణమని తేలింది. అప్పటికే సూత్రాలు, మీటర్లు, పాఠ్యపుస్తకాలు అన్నీ ఫ్రాంక్లిన్ గుర్తులతో నిండిపోయాయి, వాటిని మార్చలేదు. అందుకే పదో తరగతి విద్యార్థి వలయం గీస్తూ బ్యాటరీ ధన ధ్రువం నుంచి రుణ ధ్రువం వైపు బాణం గుర్తు వేస్తాడు. టార్చిలైటు తీగలో ఎలక్ట్రాన్లు దానికి ఎదురు దిశలో, సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా దాటని వేగంతో జరుగుతుంటాయి. స్విచ్చి వేయగానే తీగ పొడవునా ఉన్న ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి కాబట్టి, బల్బు వెలగడానికి వాటి నెమ్మదితనం అడ్డు కాదు.